ఒంటరిగా సైకిల్ మీద, కొండ మీద ఒక రాత్రి

చలికాలం మొదలైతే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ఎండాకాలమంతా బ్రేకులు, బేరింగుల గురించి అడిగినవాళ్లే ఇప్పుడు గుడారాలు, కొండలు అంటారు. ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఒకే కోరిక మీద ఉన్నాయి: ఒక్కరమే సైకిల్ మీద పోయి కొండల్లో ఒక రాత్రి పడుకుని రావచ్చా అని. ప్రొద్దుటూరులో సైకిల్ షాపు పెట్టుకుని బతికినవాడిని, సీమ కొండల్లో చలి రాత్రులు గడపడం అలవాటైనవాడిని. ఆ అలవాటుతోనే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. గేర్ల సైకిల్ ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఒక్కడినే గండికోటకు పోయి, గుడారం వేసుకుని, తెల్లారి తిరిగి రావాలని ఉంది. అమ్మ మాత్రం "రాత్రిపూట ఆ కొండల్లో ఒక్కడివే ఏంది, పాములు, చిరుతలు" అంటూ ఒప్పుకోవడం లేదు. ఆమెకు ఏం చెప్పాలి? నేను ఏమేం తీసుకుపోవాలి?
– డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: తమ్ముడూ, మీ అమ్మ భయం వట్టిది కాదు. ఆమెకు ధైర్యం చెప్పబోకు, వివరాలు చెప్పు. ఏ దారిన పోతావు, ఎన్నింటికి ఎక్కడ ఉంటావు, రాత్రి ఏ చోట పడుకుంటావు, పొద్దున ఎన్నింటికి ఫోన్ చేస్తావు. ఇదంతా ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టు. నువ్వు ఎక్కడున్నావో కనీసం ఇద్దరికి తెలియాలి. ఒకరు ఇంట్లో, ఒకరు ఆ ఊళ్లో. ఆ రెండో మనిషిని సంపాదించుకోవడమే ఈ ప్రయాణంలో అసలు పని. గుడారం, టార్చి, గేర్లు అన్నీ దాని తర్వాతే.

గండికోటలో అది కష్టం కాదు. కోట లోపలే ఊరుంది. చేరగానే టీ అంగడి దగ్గర బండి నిలబెట్టి, ఎక్కడి నుంచి వచ్చావో చెప్పి, గుడారం ఎక్కడ వేసుకోవచ్చో అడుగు. పది నిమిషాలు కూర్చుంటే నీ సంగతంతా వాళ్లే అడుగుతారు. రాత్రి అన్నం ఆ చుట్టుపక్కలే తిను. "ఫలానా చోట పడుకుంటున్నా, పొద్దున్నే మళ్లీ టీకి వస్తా" అని చెప్పి పో. పొద్దున నువ్వు కనిపించకపోతే ఆ పిల్లోడు ఏమయ్యాడని వెతికేవాళ్లు ఉంటారు. టూరిజం వారి హరిత హోటల్ ఉంది, గుడారాలు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. మొదటిసారి కాబట్టి వాళ్ల గుడారాల పక్కనే నీది వేసుకో. సొంత గుడారం వేయనిస్తారా, చోటుకు ఎంత తీసుకుంటారు అన్నది ముందే మాట్లాడుకో. పక్కన మనుషులుంటే అది ఒంటరి ప్రయాణం ఎట్లా అవుతుందని నొచ్చుకోవద్దు. దారంతా తొక్కేది నువ్వు ఒక్కడివే, నిద్ర పట్టక ఆకాశం చూసేదీ నువ్వు ఒక్కడివే. ఆ సుఖం ఎక్కడికీ పోదు.

మీ ఊరి నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకు దాదాపు 40 కిలోమీటర్లు. సామాను వేసుకున్న బండి గంటకు 12, 13 కిలోమీటర్లకు మించి పోదని లెక్క పెట్టుకో. పొద్దున ఆరున్నర, ఏడుకు బయల్దేరితే జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తినే వేళకే చేరతావు. అక్కడి నుంచి 15 కిలోమీటర్లు, దారి ఎర్రమల కొండల మీదికి ఎక్కుతుంది. చాలామంది మధ్యాహ్నం బయల్దేరి, పొద్దు గుంకేటప్పటికి లోయ దగ్గర ఉండాలని చూస్తారు. నేను దానికి ఒప్పుకోను. సంక్రాంతి రోజుల్లో సాయంత్రం ఆరు దాటగానే పొద్దు మునుగుతుంది. దారిలో రెండు పంచర్లు పడితే చాలు, చీకటి పడిపోతుంది. తెలియని చోట, అదీ లోయ పక్కన, చీకట్లో గుడారం వేయడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని. మధ్యాహ్నానికే చేరుకో. కోటంతా తిరుగు, పడుకునే చోటు వెలుతురులోనే చూసి పెట్టుకో.

లోయ సంగతి గట్టిగా చెప్పాలి. పెన్నానది కొండను కోసుకుంటూ పోయిన చోటు అది. అంచు చాలాచోట్ల కంచె లేని బండ. పగలు అందరూ నిలబడి ఫొటోలు దిగే ఆ బండల మీద రాత్రి ఒక్క అడుగు తప్పితే చెప్పడానికి మనిషి ఉండడు. గుడారం అంచుకు వంద అడుగులైనా ఇవతల వేయి. మధ్యరాత్రి ఒంటికి లేస్తే అంచు వైపు పోకుండా వెనక్కి నడువు. తలకు కట్టుకునే టార్చి లేకుండా కాలు బయట పెట్టొద్దు. సూర్యోదయం చూడాలన్నా నేల కనిపించేంత వెలుతురు వచ్చాకే అంచుకు పో. పౌర్ణమికి దగ్గరి రాత్రి ఎంచుకుంటే ఇంకా మంచిది. పొద్దు మునిగే వేళకే చంద్రుడు వస్తాడు, తెల్లవార్లూ ఉంటాడు. చుక్కలు తక్కువ కనిపిస్తాయి, అది రెండోసారికి ఉంచుకో.

అక్కడి రాయి గట్టి క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతి పొరకు గండికోట పేరే పెట్టారు. దాంట్లో గుడారం మేకులు దిగవు. నాలుగు మూలలకూ రెండేసి గజాల తాడు ఉంచుకుంటే పెద్ద రాళ్లకు చుట్టి కట్టొచ్చు. ఆ రాళ్లను మాత్రం గోడల నుంచో, బురుజుల నుంచో ఊడబెరకొద్దు. మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం వందల ఏళ్ల నాటివి, పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. వాటి ఆవరణలో గుడారం వేయడం, పొయ్యి పెట్టడం రెండూ తప్పే. అసలు మంట జోలికే పోవద్దని నా మాట. జనవరికి బోదగడ్డి ఎండి ఉంటుంది, గాలి వీస్తుంటుంది. ఒక్క రాత్రికి వంట అక్కర్లేదు. చెనిక్కాయలు, బెల్లం, ఇంట్లో చేసిన పులిహోర చాలు.

ఇక పాములు. మీ అమ్మ చెప్పిన వాటిలో నేను నిజంగా లెక్క చేసేది దీన్నే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, అందుకే చీమో దోమో అనుకుని మళ్లీ పడుకుంటారు. కాబట్టి దుప్పటి పరుచుకుని ఆరుబయట పడుకోవడం వద్దు. అడుగు భాగం కుట్టి ఉన్న, జిప్పు పూర్తిగా పడే గుడారం కావాలి. జిప్పు ఎప్పుడూ మూసే ఉంచు, చెప్పులూ బూట్లూ లోపలే పెట్టుకో, పొద్దున వాటిని దులిపి తొడుక్కో. తేళ్లకూ అదే మందు. రాళ్ల గుట్టలకు, కంప కుప్పలకు దూరంగా పడుకో. పొరపాటున కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, ఆ రెండో మనిషిని లేపు. ఆ మనిషి ఎందుకని ఎవరైనా అడిగితే ఇందుకే. అక్కడికి దగ్గరి పెద్ద ఊరు జమ్మలమడుగు. పాముకాటు ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో పోయేటప్పుడే కనుక్కుని కాగితంలో రాసుకో.

చిరుత గురించి ఒక్క మాట: మనుషుల మధ్య గుడారంలో ఉన్నవాడు చిరుత కంటే ముందు లారీలను చూసుకోవాలి. సిమెంటు, బండల లారీలు తిరిగే ప్రాంతం మనది. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగనీ. చీకట్లో తొక్కే పని పెట్టుకోవద్దు.

నీళ్లు మూడు లీటర్లు తీసుకో. లీటరు నీళ్లు కిలో బరువు, బండికి తెలుస్తుంది, అయినా తగ్గించొద్దు. జమ్మలమడుగులో నింపుకో, గండికోటలో మళ్లీ నింపుకుని రెండు లీటర్లు గుడారంలో పెట్టుకుని పడుకో. చలికాలం కదా అని తాగకుండా తొక్కితే మధ్యాహ్నానికి తల పట్టేస్తుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలుపుకో. చెంచాలు తలగొట్టి కొలవాలి.

బరువంతా వెనక క్యారియర్ మీద, రెండు పక్కలా కిందికి వచ్చేలా సర్దు. బరువైనవి అడుగున, తేలికైనవి పైన. కట్టడానికి పాత ట్యూబు ముక్కలను మించినవి నేను చూడలేదు. వీపు మీద బ్యాగు మాత్రం వద్దు, ఎక్కుడు మొదలయ్యాక నడుము చెబుతుంది. బయల్దేరే ముందు వెనక చక్రం స్పోకులు ఒక్కొక్కటీ వేలితో మీటి చూడు. వదులుగా ఉన్నది వేరే శబ్దం చేస్తుంది. బరువు పడ్డాక మొదట తెగేది అదే.

ఈ జవాబు మీ అమ్మకు చదివి వినిపించు. అక్కా, మీకు ఒక దారి చెబుతాను. సెలవులకు ముందే ఒక ఆదివారం అబ్బాయిని ఇదే సామానుతో, ఇదే బండి మీద మైలవరం డ్యాం దాకా పంపి, సాయంత్రానికి వెనక్కి రమ్మనండి. చెప్పిన వేళకు ఫోన్ చేశాడా, చెప్పిన వేళకు ఇల్లు చేరాడా చూడండి. మాట మీద నిలబడిన పిల్లవాణ్ణి గండికోటకు పంపవచ్చు. నిలబడకపోతే ఈ ఏడాది వద్దనండి, నేనూ మీ వైపే.

ప్రశ్న: అన్నగారూ, కర్నూలులో నర్సుగా పనిచేస్తున్నాను, వయసు 34. ఆత్మకూరు మీదుగా నల్లమలలోకి సైకిల్ మీద పోయి ఒక రాత్రి అడవిలో గుడారం వేసుకుని ఉండాలని చాలా కాలంగా కోరిక. ఆడవాళ్లు ఒంటరిగా ఎట్లా పోతారని అందరూ ఆపుతున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, నల్లమలలో సొంతంగా గుడారం వేయడానికి ఆడవాళ్లకే కాదు, ఎవరికీ వీల్లేదు. అది నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యం, విస్తీర్ణంలో మన దేశంలోనే పెద్దది. దోర్నాల – శ్రీశైలం ఘాట్‌లో రాత్రి వాహనాలనే వదలరు. రాత్రిపూట ఆ దారి పులులకు, జింకలకు, దుప్పులకు వదిలిపెట్టిన దారి. ఆ నిబంధన నాకు ఇష్టమైనది, అందులో మినహాయింపు అడగాలని కూడా అనిపించదు.

మీ కోరిక తీరే దారి వేరే ఉంది. ఆత్మకూరు అవతల బైర్లూటిలో అటవీ శాఖ వాళ్ల జంగిల్ క్యాంపు ఉంది. రాత్రి బస అడవిలోనే, కాపలా ఉన్న చోట. ముందుగా బుక్ చేసుకుని, సైకిల్ మీద వస్తున్నానని వాళ్లకే చెప్పండి. చెక్‌పోస్టు దాటి సైకిల్‌ను రానిస్తారా, లేక ఆత్మకూరులో వదిలి రావాలా అన్నది వాళ్లే చెప్పాలి. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరే 60 కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క రోజులో తొక్కగలిగిన దూరమే కానీ అలవాటు లేని కాళ్లకు ఎక్కువ.

అందుకే మొదటి రాత్రికి ఓర్వకల్లు రాతివనం మంచిదంటాను. నంద్యాల రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల లోపే. ఆ వింత బండల మధ్య సాయంత్రమంతా గడిపి, రాత్రికి అక్కడి టూరిజం వారి గదిలోనే ఉండండి. గుడారం కాదు కదా అని వెలితి పడకండి. స్నానాల గది, తాళం పడే తలుపు ఉన్న చోట మొదటి రాత్రి గడిపితే దారి గురించి, బండి గురించి, మీ ఒంటి గురించి ప్రశాంతంగా నేర్చుకోవచ్చు. దారిలో కలిసినవాళ్లు "ఒక్కరేనా?" అని అడిగితే "మావాళ్లు ముందు పోయారు" అనండి. ఆ ఒక్క అబద్ధానికి పాపం లేదు. ఫొటోలు ఇంటికి చేరాకే నలుగురికీ పంపండి. 112 నంబరు ఫోన్‌లో ముందే పెట్టుకోండి. ఇక ఆపేవాళ్ల సంగతి: రాత్రి డ్యూటీ ముగించుకుని ఒక్కరే ఇంటికి వచ్చే మీకు భయం గురించి వాళ్ల కంటే మీకే ఎక్కువ తెలుసు. వాళ్ల మాట వినండి, నిర్ణయం మీరు తీసుకోండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. నా దగ్గర గేర్లు లేని పాత 28 అంగుళాల బండి ఉంది, ఇనుప కడ్డీ బ్రేకులు. దీని మీద కదిరి నుంచి తిమ్మమ్మ మర్రిమాను దాకా పోయి, రాత్రి ఆ ఊళ్లో ఉండి రావాలని ఆశ. కొత్త సైకిల్ కొనాలా?
– ఒక పాఠకుడు, కదిరి

జవాబు: మాస్టారూ, కొనక్కర్లేదు. ఆ బండి ఎత్తులకు కష్టపడుతుందే కానీ బరువుకు వెనకాడదు. మామూలుగా దానికి ముందు చైన్ వీల్‌కు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉంటాయి. మీ దగ్గరి షాపులో 22 పళ్ల ఫ్రీవీల్ వేయమనండి. అది వేస్తే చైన్‌కు ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు, అంతే. ఇప్పుడు పెడల్ ఒక చుట్టు తిరిగితే దాదాపు ఐదున్నర మీటర్లు పోతున్న బండి అప్పుడు నాలుగున్నర మీటర్లు పోతుంది. చదును మీద కాస్త నెమ్మదిగా ఉంటుంది, ఎక్కుడులో మోకాళ్లు దీవిస్తాయి. మీ వయసులో ఆ మార్పిడి లాభమే. ఇంకా నిటారుగా వస్తే దిగి నడిపించండి. సైకిల్‌ను నడిపించడం నామోషీ అనే మాట మా షాపులో ఎన్నడూ చెల్లలేదు.

జాగ్రత్తంతా దిగుడు మీద. కడ్డీ బ్రేకుల లబ్బర్లు కొత్తవి వేయించండి, రిమ్ముకు నూనె అంటకుండా చూడండి. తడిస్తే ఆ బ్రేకులు సగం కూడా పట్టవు, వాన పడితే దిగుడంతా నడవండి. పొడిగా ఉన్నా రెండు బ్రేకులూ కలిపి, పట్టి వదులుతూ దిగాలి. వేగం వచ్చేశాక పట్టడం కంటే వేగం రానివ్వకపోవడం మేలు.

మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు, దాని నీడ సుమారు ఐదెకరాలు. కానీ ఆ ఊడల కింద గుడారం వేయకండి, ఊడలకు తాడు కట్టకండి, సైకిల్ ఆనించకండి. నేల తాకబోయే లేత ఊడ తెగితే ఆ వైపు కొమ్మకు రేపు ఆసరా ఉండదు. బస సంగతి పోయే ముందే ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి.

ప్రశ్న: లంకమల అడవిలో రాత్రి ఉంటే కలివికోడి కనిపిస్తుందా? సిద్ధవటం వైపు నుంచి సైకిల్ మీద పోవచ్చా?
– ఇంటర్ విద్యార్థిని, కడప

జవాబు: తల్లీ, నువ్వు కలివికోడి పేరు తెలిసిన అమ్మాయివి, అందుకు ముందుగా సంతోషం. ఇక అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో మన జిల్లాలోనే, ఈ లంకమల పరిసరాల్లోనే మళ్లీ దొరికింది. పట్టుకున్నది ఊళ్లోని మనిషే, రాత్రి టార్చి వెలుగులో. అది రాత్రి తిరిగే పిట్ట, పలచని ముళ్లపొదల మధ్య నేల మీద పరిగెత్తే పిట్ట. దాని కోసమే ఆ అడవిని అభయారణ్యం చేశారు. మనం టార్చి వేసుకుని ఆ పొదల్లో తిరిగితే ఉన్న ఒకటో రెండో కూడా చోటు వదిలిపోతాయి. అనుమతి లేకుండా లోపల ఉండటం నేరం కూడా. పైగా ఎర్రచందనం పెరిగే అడవి అది, చీకట్లో సంచులతో కనిపించిన వాళ్లను నిలదీయడం అక్కడి సిబ్బంది పని.

సిద్ధవటానికి మాత్రం తప్పకుండా పో. కడప నుంచి పగటి పూట పోయి రాగలిగిన దూరమే. పెన్న ఒడ్డున కోట చూసి, చీకటి పడక ముందే ఇంటికి చేరు. ఇంటర్ పూర్తయ్యాక అటవీ శాఖ వాళ్ల దగ్గరికి, పక్షుల మీద పనిచేసే వాళ్ల దగ్గరికి పోయి అడుగు. కలివికోడిని చూడాలనుకునే మనిషి ఆ దారిలోనే పోవాలి.

ప్రశ్న: గుడారం వేయడానికి వంక పక్కన ఇసుక మెత్తగా బాగుంటుంది కదా?
– రాజంపేట నుంచి

జవాబు: వద్దు. మన వంకలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటాయి కాబట్టే మోసం చేస్తాయి. ఇక్కడ వాన లేకపోయినా పైన కొండల్లో పడితే చాలు. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఏం జరిగిందో మీ ఊరి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ సగం దాకా తుపాన్ల కాలం. ఆ రోజుల్లో వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణమే మానుకోండి. ఎప్పుడైనా సరే, వంక గట్టు మీద కూడా కాదు, ఇంకా పైన, నీళ్లు పారి గడ్డి వాలిన ఆనవాళ్లు లేని చోట పడుకోండి.

ప్రశ్న: పెనుకొండ కొండ మీద రాత్రి ఉండొచ్చా?
– హిందూపురం నుంచి

జవాబు: అనంతపురం వైపు కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. సీతాఫలాల కోసం, చెనిక్కాయల కోసం పొలాల దాకా దిగుతాయి. ఎలుగు మనిషిని వేటాడదు, కానీ మలుపులో హఠాత్తుగా ఎదురైతే మీద పడుతుంది. కొండ పగలు ఎక్కండి, మాట్లాడుకుంటూనో బెల్లు మోగిస్తూనో నడవండి, సాయంత్రానికి దిగి ఊళ్లో పడుకోండి.

ప్రశ్న: అన్నా, ఎప్పుడు మట్టిదారి పట్టినా పంచరే. పల్లేరుకాయలు, కంపముళ్లు. ఏం చేయాలి?
– ఆళ్లగడ్డ నుంచి

జవాబు: ఒక ట్యూబు ఎక్కువ తీసుకుపో. దారిలో ట్యూబు మార్చేసి, పాతదానికి ప్యాచ్ తీరిగ్గా గుడారం దగ్గర వేసుకో. ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా వేళ్లతో నెమ్మదిగా తడమాలి. విరిగిన ముల్లు అందులోనే ఉంటే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. కంపముల్లు బయట నుంచి కనిపించదు, లోపల సూదిమొనలా తగులుతుంది. ప్యాచ్ వేసేటప్పుడు ట్యూబును గరుకు కాగితంతో బాగా రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, అది ఆరే దాకా ఆగు. తడిగా ఉండగానే అతికిస్తే ఊడిపోతుంది. గాలి టైరు పక్కన అచ్చు వేసిన అంకెల మధ్య ఉండేలా కొట్టించు. తక్కువ గాలితో సామాను మోస్తే ముల్లు లేకుండానే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లులు పడతాయి. బండి ఆపినప్పుడల్లా చక్రం ఒకసారి తిప్పి చూసి, గుచ్చుకున్న పల్లేరుకాయలను అప్పుడే తీసేయి. లోపలికి దిగకముందే దొరికితే పంచరు తప్పుతుంది.